బాల్యము వేచియుండదు

ఆటిజమునకు తెలుగున నిలుకడగల పేరింకను ఏర్పడలేదు. కొందరు స్వలీనత అనుచున్నారు. కొందరు ఆంగ్ల పదమునే తెలుగు లిపిలో వ్రాసికొనుచున్నారు. ఇంటి పెద్దలు దానికి పేరే పెట్టక "మాటలు ఆలస్యము" అని సరిపెట్టుకొందురు. పదము లేకపోవుట భాషకు మాత్రమే లోటైనచో దానిని నిఘంటుకారులకు విడిచిపెట్టవచ్చును. కాని పేరు లేని స్థితికి దరఖాస్తులో గడి ఉండదు. గడి లేని బిడ్డకు సర్కారు లెక్కలో చోటుండదు. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధములైన వైకల్యములను పేర్కొన్నది. వానిలో ఆటిజము లేదు. ఆ కాలమున బుద్ధిమాంద్యమను గడిలోనికి ఒదిగింపబడిన పిల్లలెందరో! 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము దానిని పేరుపెట్టి పిలిచినది. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో ఒకటిగా దానిని చేర్చినది. లియో కానర్ అను వైద్యుడు 1943లోనే వర్ణించిన స్థితి మన చట్టపుస్తకమున తన పేరు చూచుకొనుటకు 56 ఏండ్లు పట్టినదన్నమాట.

కనుక నేడు చట్టము లేదని మొరపెట్టుకొనుటకు వీలులేదు. ఉన్నవానిని లెక్కించిన ఆశ్చర్యమే కలుగును. 1984లో కేంద్ర ప్రభుత్వము సికింద్రాబాదు మనోవికాస నగరమున నెలకొల్పిన జాతీయ సంస్థ తెలుగువారి ముంగిటనే ఉన్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించుటకే ఏర్పడినది. మండలములలో భవిత కేంద్రములున్నవి. పింఛను ఉన్నది, బీమా ఉన్నది, 6 ఏండ్ల నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్యకు హక్కున్నది. ఇన్ని తలుపులున్నను ఒక తలుపు నుండి మరియొక తలుపునకు త్రోవ లేదు. ఆ త్రోవను ప్రతి తల్లియు తన కాళ్ళతో తానే త్రొక్కి ఏర్పరచుకొనవలసియున్నది. ఒకరు త్రొక్కిన త్రోవ వెనుక వచ్చువారికి మిగులుటయు లేదు.

మొదటి తలుపు అంగన్‌వాడీ. కార్యక్రమ నియమముల ప్రకారము సంచార వైద్య బృందము అంగన్‌వాడీలకు ఏటికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి రావలెను. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఎ.ఎన్.ఎం. లేక నర్సు, ఒక ఫార్మసిస్టు ఆ బృందమున నుండవలెను. గుండె లోపములు మొదలుకొని రక్తహీనత వరకు ముప్పది రకముల స్థితులను వారు కనిపెట్టవలసియుండును. ఆ జాబితాలో ఆటిజమును కలదు. గ్రహణమొర్రి కంటికి కనబడును. గుండె చప్పుడు స్టెతస్కోపునకు అందును. ఆటిజమును పట్టియిచ్చు పరికరము లేదు. అది రక్తపరీక్షలో తేలదు, స్కానింగులో అగుపడదు. బిడ్డ ఎట్లు ఆడుకొనుచున్నాడో కొంతసేపు ప్రక్కన కూర్చుండి చూడవలెను. తల్లి చెప్పునది తొందరపెట్టక వినవలెను. ఒక్క దినమున పదుల సంఖ్యలో పిల్లలను చూచి ముగింపవలసిన బృందమునకు ఆ కొంతసేపే కరవు. పైగా ఆ బిడ్డ ఒక మూల కూర్చుండి సీసా మూతను గిరగిర త్రిప్పుకొనుచున్నచో "బుద్ధిమంతుడు, అల్లరి లేదు" అను మెప్పు లభించును గాని ప్రశ్న లభింపదు.

నిజమునకు ఆ బృందముకంటె ముందుగా గుర్తింపగలది అంగన్‌వాడీ కార్యకర్తయే. ఆమె బిడ్డను దినదినమును చూచుచుండును. ఏడాది నిండినను పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడకపోవుట, ఏడాదిన్నర నాటికి కావలసినదానిని వ్రేలితో చూపకపోవుట, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకకపోవుట, వచ్చిన మాటలు మరల పోవుట - ఇవి ఆమె గోడకు అంటించుకొనదగిన గుర్తులు. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ బాలల కొరకు అంగన్‌వాడీ మార్గదర్శకములను వెలువరించి ఈ పనిని ఆమెకు అప్పగించినది. అప్పగించుట తేలిక. బరువులు తూచుట, గుడ్లు పంచుట, ఫోనులో వివరములు ఎక్కించుట, వీని నడుమ ఆమెకు దీనికొక గంట మిగులునట్లు చూచుట వేరు.

ఈలోపల ఇంటిలో కాలము వేరొక తీరున గడచుచుండును. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని నాయనమ్మ ధైర్యము చెప్పును. ఆ మాటలో ప్రేమ ఉన్నది; ఒక ఏడాదియు అందులోనే కరగిపోవును. అటుపిమ్మట నింద తల్లిపై పడును. తల్లి ప్రేమ చాలకనే బిడ్డ ఇట్లగునను వాదము 1950, 1960 దశకములలో పాశ్చాత్య దేశములందే ప్రబలియుండెను; బ్రూనో బెటెల్‌హైమ్ వంటి పేరుగల వ్యక్తి దానిని ప్రచారము చేసెను. శాస్త్రము దానిని ఏనాడో త్రోసిపుచ్చినది. మన ఇండ్లలో మాత్రము అది "ఫోను చూపించి పాడుచేసింది" అను రూపమున ఇంకను బ్రతికియున్నది. టీకాల పుకారు సంగతియు అంతే. దానికి మూలమైన 1998 నాటి వ్యాసమును ప్రచురించిన లాన్సెట్ పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. పుకారును ఉపసంహరించుకొనువారు లేరు.

రెండవ తలుపు జిల్లా ఆసుపత్రి ఆవరణలోని సత్వర చికిత్సా కేంద్రము. పిల్లల వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, మాటలు నేర్పు స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, ప్రత్యేక విద్యా శిక్షకుడు ఒకే కప్పు క్రింద ఉండవలెనని దాని ఉద్దేశము. ఇంతకంటె మంచి ఉద్దేశము ఉండబోదు. అన్ని కుర్చీలును నిండియున్న కేంద్రమును చూపుమన్న మాత్రము వెదుకవలసివచ్చును. మాటల శిక్షకుని కుర్చీ ఖాళీగానున్న కేంద్రము మాటరాని బిడ్డకు ఏమి చేయగలదు? ఉన్నచోట కూడ బిడ్డకు వారమునకు ఒక గంట దొరకుటయే గొప్ప. మన్యపు పల్లె నుండియో, ఒడ్డున నున్న మత్స్యకార గ్రామము నుండియో ఆ గంట కొరకు బయలుదేరిన తల్లికి రెండు బస్సులు, ఒక ఆటో, ఒక దినపు కూలి ఖర్చగును. బస్సు హారనునకు చెవులు మూసికొని కేకలు వేయు బిడ్డను ఒడిలో పెట్టుకొని, తోటి ప్రయాణికుల చూపులను భరించుచు పోవలెను. మూడు వారములు వచ్చి నాలుగవ వారము మానివేసిన తల్లిని రిజిస్టరులో "హాజరు కాలేదు" అని వ్రాయుదురు. ఆమె ఎందుకు రాలేదో కనుగొని రమ్మని పంపుటకు ఆ కేంద్రమున ఎవరికిని విధి లేదు.

ఇక్కడ పదిమందికి తెలియవలసిన సంగతి యొకటి ఉన్నది. ఈ కేంద్రమున శిక్షణ పొందుటకు వైకల్య ధ్రువపత్రము అక్కరలేదు. ధ్రువపత్రము పింఛనునకు కావలెను, బీమాకు కావలెను, బస్సు రాయితీకి కావలెను, పెద్దయిన తరువాత ఉద్యోగపు రిజర్వేషనుకు కావలెను. చిన్న బిడ్డకు మాటలు నేర్పుటకు మాత్రము ఏ పత్రమును అక్కరలేదు. కాని ప్రజలలోను, కొన్నిచోట్ల సిబ్బందిలోను ఈ రెండును కలగాపులగమైనవి. "ముందు సదరం చేయించుకొని రండి" అను మాట ఎక్కడికి పోయినను వినవచ్చును. ఆ మాట విని కొందరు తల్లిదండ్రులు స్లాటు కొరకు నెలలు వేచియుందురు. మరికొందరు, ముఖ్యముగా ఆడపిల్లను కన్నవారు, పత్రము తీసికొన్నచో బిడ్డపై ముద్ర పడునని జంకి, శిక్షణకును దూరమగుదురు. ముద్రకు జంకువారిని మూఢులనుట అన్యాయము. తోబుట్టువుల పెండ్లి సంబంధముల వరకు ఆ ముద్ర వెంటాడు సంఘమున వారు నివసించుచున్నారు. వారికి చెప్పవలసినది ధైర్యోపన్యాసము కాదు. పత్రము వేరు, శిక్షణ వేరు, పత్రము రేపు తీసికొనవచ్చును, శిక్షణ నేడే మొదలు పెట్టవచ్చును అను చిన్న సమాచారము.

ఇక ఆ పత్రము సంగతి. ఆటిజమును కొలుచుటకు భారతీయ కొలబద్ద యొకటి కలదు. దాని రూపకల్పనలో సికింద్రాబాదు సంస్థ పనిచేసినది. 40 అంశములు, ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు మార్కులు. మొత్తము 70కి లోబడినచో ఆటిజము లేదనియు, 70 నుండి 106 వరకు స్వల్పమనియు, 107 నుండి 153 వరకు మధ్యమమనియు, ఆపైన తీవ్రమనియు లెక్క. కొలబద్దలో దోషమున్నదో లేదో నిపుణులు తేల్చుకొందురు. దానిని ఉపయోగించు చోటు మాత్రము ఎవరు చూచినను దోషమే. చూపు కలుపకపోవుట, శబ్దములకు బెదరుట, మార్పును సహింపలేకపోవుట అందు కొలువవలసిన అంశములు. శిబిరము జరుగు దినమున ఆసుపత్రి వరండాలో వందలమంది మూగుదురు. చక్రాల కుర్చీలు, చేతికర్రలు, మైకులో పేర్లు. ఆ సందడిలో బిడ్డ నేలపై పొరలి ఏడ్చినచో తీవ్రమని వ్రాయవచ్చును. మూడు గంటలు ఏడ్చి సొమ్మసిల్లి తల్లి భుజముపై నిద్రించుచున్నచో "బాగానే ఉన్నాడు కదమ్మా" అనియు అనవచ్చును. ఇద్దరును ఒక్క బిడ్డయే. ఆటిజము గల పిల్లలకు ప్రత్యేకముగా ఒక దినము, ఒక నిశ్శబ్దమైన గది, ముందుగా నిర్ణయించిన వేళ ఏర్పరచుటకు ఏ చట్టమును సవరింపనక్కరలేదు. పసిపిల్లలకు ఇచ్చు పత్రము తాత్కాలికమైనది కనుక గడువు తీరిన తరువాత ఈ యాత్ర మరల చేయవలసియుండును. ఆటిజము జీవితకాలపు స్థితియని అంగీకరించిన ప్రభుత్వమే, బిడ్డ మారియుండునేమోనని మరల మరల పిలుచుచుండును.

నగదు విషయమున ప్రభుత్వముల చేయి పెద్దదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వికలాంగుల పింఛనును 2024లో 3000 రూపాయల నుండి 6000 రూపాయలకు పెంచినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో 3016 నుండి 4016 చేసినది. ఈ సొమ్ము బీద కుటుంబమునకు కొండంత అండ; దానిని తక్కువచేసి మాటాడుట తగదు. కాని నగదు ఇచ్చుట శిక్షణ నిచ్చుటకంటె సులభము. ఒక మీట నొక్కిన నగదు ఖాతాలో పడును. మాటల శిక్షకుని ఒక మండల కేంద్రమున నిలుపుటకు జీతము, ఇల్లు, గౌరవము అన్నియు కావలెను. అందువలన జరుగుచున్నదేమి? ప్రభుత్వము ఇచ్చిన పింఛను నెల తిరుగకమునుపే పట్టణములోని ప్రైవేటు థెరపీ కేంద్రపు గల్లాపెట్టె చేరుచున్నది. విశాఖ, విజయవాడ, హైదరాబాదు వీథులలో అట్టి కేంద్రములు ఏటేట పెరుగుచున్నవి. మంచివి ఉన్నవి, అంగడులును ఉన్నవి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము క్రింద పేరు నమోదైన శిక్షకుడేనా అని అడుగు హక్కు తమకున్నదని తల్లిదండ్రులకు తెలియదు. "ఆరు నెలలలో మాటలు" అను బోర్డును చూచి నగలు కుదువబెట్టిన కుటుంబములున్నవి. ప్రభుత్వ కేంద్రము ఖాళీగానున్నంత కాలము ఆ బోర్డునకు బేరము తగ్గదు.

జాతీయ ట్రస్టు నడుపు నిరామయ బీమా మరియొక మంచి పథకము. ఏడాదికి ఒక లక్ష రూపాయల వరకు వైద్యమునకు, కొంత పరిమితికి లోబడి థెరపీకిని అది అండగా నిలుచును. చేరుటకు ముందు వైద్యపరీక్ష లేదు, రుసుమును నామమాత్రమే. అయితే ముందు చేతిసొమ్ము పెట్టి, రసీదులు జతపరచి, తరువాత తిరిగి రాబట్టుకొనవలెను. చేతిసొమ్ము గలవారికే అందునట్టి తీరున బీదవారి పథకము నడచుట మనకు కొత్త కాదు.

బిడ్డ బడికి వచ్చు నాటికి శాఖ మారును. అంతవరకు ఆరోగ్య శాఖ బిడ్డ. అటుపై విద్యా శాఖ విద్యార్థి. సత్వర చికిత్సా కేంద్రమున మూడేండ్లు వ్రాసిన ఫైలు భవిత కేంద్రమునకు పోవలెనను ఏర్పాటు లేదు. భవితలోని ఉపాధ్యాయిని ఆ బిడ్డకు ఏ శబ్దము గిట్టదో, ఏ బొమ్మ చూపిన మాట వినునో మరల మొదటి నుండి తెలిసికొనవలెను. భవిత కేంద్రముల గురించి నాలుగు మంచి మాటలు చెప్పకుండుట కృతఘ్నత. సర్వశిక్షా అభియాన్ నాటి నుండి, నేటి సమగ్ర శిక్ష క్రింద, తక్కువ జీతమునకు ఒప్పంద పద్ధతిపై పనిచేయుచున్న ప్రత్యేక ఉపాధ్యాయినులు తెలుగు పల్లెలలో చేసిన సేవ పత్రికలకెక్కలేదు. బడికి రాలేని బిడ్డ ఇంటికి తామే పోయి, పండ్లు తోముకొనుట, బొత్తాము పెట్టుకొనుట నేర్పిన వారున్నారు. తమ ఉద్యోగము మరుసటి ఏడాది ఉండునో లేదో తెలియని వారిచేత బిడ్డకు స్థిరత్వమును నేర్పించుచున్నాము. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరములు గల పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, ఆపై తరగతులలో పదునైదుగురికి ఒకరు ఉండవలెనని చెప్పినది. 2025 మార్చిలో అదే న్యాయస్థానము పోస్టులను ప్రకటింపుడని రాష్ట్రములను మరల హెచ్చరింపవలసివచ్చినది. నాడు ఒకటవ తరగతిలో నున్న బిడ్డ ఆ హెచ్చరిక నాటికి నాలుగవ తరగతి ముగించుచుండెను.

భాష సంగతి యొకటి ఇచ్చట ప్రస్తావింపదగియున్నది. మాట ఆలస్యమైన బిడ్డతో ఇంటిలో తెలుగు మానివేసి ఇంగ్లీషులోనే మాటాడుడని సలహా ఇచ్చు శిక్షకులు పట్టణములలో కలరు. రెండు భాషలు విన్నంత మాత్రమున ఆటిజము గల పిల్లల మాట మరింత వెనుకబడదని పరిశోధనలు తేల్చినవి. సలహా మాత్రము మారలేదు. ఇంగ్లీషు రాని నాయనమ్మ ఆ దినము నుండి మనుమనితో మాటాడుటకే జంకును. ఉన్న కొద్దిపాటి మాటల లోకమున నుండి ఒక మనిషిని తొలగించుట శిక్షణ యెట్లగును? చెమ్మచెక్క, కాళ్ళాగజ్జె, వీరీ వీరీ గుమ్మడిపండు - వరుస తప్పక తిరిగి తిరిగి వచ్చు ఈ ఆటలలో వంతు వేచియుండుట, ఎదుటివారి ముఖము చూచుట, లయకు చేయి కలుపుట అన్నియు ఇమిడియున్నవి. ఇట్టి ఆటలతో తెలుగున శిక్షణ పాఠములు కూర్చుట మన సంస్థలు, మన బాలసాహిత్యకారులు కలిసి చేయదగిన పని.

త్రోవ లేకపోవుటను గురించి చెప్పునపుడు అమెరికాలోని తెలుగు కుటుంబముల అనుభవము తలపునకు వచ్చును. అక్కడి వైద్యము బహు ఖరీదు. బీమా చిక్కులు మనకు తెలిసినవే. కాని మూడేండ్ల లోపు పిల్లల కొరకు 1986లో ఆ దేశము చేసిన చట్టమున ఒక చిన్న నియమము కలదు. బిడ్డ విషయమై సమాచారము అందిన 45 దినములలో పరీక్ష ముగించి, ఆ కుటుంబమునకు తగిన సేవా ప్రణాళికను కూర్చుండి వ్రాయవలెను. ఆ కుటుంబమునకు ఒక సమన్వయకర్తను పేరుపెట్టి నియమింపవలెను. మూడేండ్లు నిండకముందే బిడ్డను బడి వ్యవస్థకు ఒప్పగించు ఏర్పాటు చేయవలెను. ఈ నియమము అన్ని రాష్ట్రములలోను ఒక్క తీరున నడచుచున్నదని కాదు. అక్కడను వరుసలున్నవి, కొరతలున్నవి. అయినను తల్లి ఎవరిని అడుగవలెనో ఆమెకు తెలియును. స్వదేశమునకు తిరిగి రావలెనా అని తర్జనభర్జన పడు తెలుగు తల్లిదండ్రులు కొందరికి ఈ ఒక్క సంగతియే త్రాసును అటు మొగ్గించుచున్నది.

అది ధనిక దేశమునకే సాధ్యమైన పని కాదు. క్షయ రోగికి మందు అందినదో లేదో చూచుటకు, గర్భిణి కాన్పునకు చేరినదో లేదో చూచుటకు పేరుపేరున బాధ్యులను నిలిపిన అనుభవము మన ఆరోగ్య శాఖకు ఉన్నది. టీకా తప్పిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త వచ్చును. థెరపీ తప్పిన బిడ్డ ఇంటికి ఎవరును రారు. మొదటి పరీక్షలో సందేహము కలిగిన ప్రతి బిడ్డకు అదే దినమున ఒక చీటీ ఇయ్యవలెను. దానిపై తరువాత పోవలసిన చోటు, తేదీ, అక్కడ కలిసికొనవలసిన ఉద్యోగి పేరు, ఫోను నంబరు తెలుగున ఉండవలెను. ఆ తేదీకి బిడ్డ రానిచో పదిదినములలో ఆ ఉద్యోగి ఇంటికి పోయి కారణము వ్రాసికొనవలెను. బిడ్డ బడిలో చేరునపుడు ఫైలును భవిత కేంద్రమునకు అప్పగించి రసీదు పుచ్చుకొనవలసిన బాధ్యతయు అతనిదే కావలెను. 18 ఏండ్లు నిండునపుడు సంరక్షకుని నియామకము కొరకు కలెక్టరు సభ్యుడుగానున్న స్థానిక సమితికి దరఖాస్తు చేయవలెనని తల్లిదండ్రులకు ముందుగా తెలుపవలసినదియు అతడే. దీనికి కొత్త భవనము అక్కరలేదు, కొత్త పథకమునకు కొత్త పేరును అక్కరలేదు. ఇప్పటికే జీతము పొందుచున్న జిల్లా సిబ్బందిలో కొందరికి ఈ పనిని నిర్ణయించి వ్రాయుట, వారికి ప్రయాణ భత్యము మంజూరు చేయుట, ఖాళీగానున్న మాటల శిక్షకుని కుర్చీని వచ్చే బడ్జెటు లోపల నింపుట కావలెను.